వానగదికి రెండో మనిషి

"ఈ లాట్ ఎందుకు ఆపారండీ?"

"కారుతోంది కాబట్టి."

"గొడుగన్నాక ఎక్కడో ఒక చుక్క..."

"ఆ చుక్క ఎక్కడో చూద్దురుగాని, లోపలికి రండి."

బయట ఎండ మండిపోతోంది. రేకుల కప్పు మీద కాకి వాలితే కాళ్ళు కాలేట్టుంది. ఆ వేడిలోంచి వచ్చినవాడేమో, తలుపు సందులోంచి చల్లటి గాలి తగలగానే మనవాడు ముందూ వెనకా చూసుకోకుండా లోపలికి నడిచాడు. ఆమె ఒక గొడుగు విప్పి అతని చేతికిచ్చింది. "ఇక్కడ నించోండి. కదలకండి" అంది. గోడ దగ్గరికి వెళ్ళి మీట తిప్పింది.

పైనున్న గొట్టాల్లోంచి వాన మొదలైంది.

మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెవి మీద. మూడోది తిన్నగా కాలర్‌లోకి దూరి, వెన్ను వెంబడి చల్లగా కిందికి జారింది. కొత్త గొడుగు పట్టుకుని తడుస్తున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో మనవాడి ముఖం అచ్చం అలాగే ఉంది.

"ఎక్కడ కారుతోందో తెలిసిందాండీ?"

"తెలిసింది."

"ఎక్కడ?"

"నా వీపు మీద."

ఆమె పకపకా నవ్వింది. రెయిన్‌కోటు టోపీ కింద ముఖం ఒక్కటే కనపడుతోంది, దాని నిండా నవ్వే. మనవాడు నీళ్ళు కారుతున్న చొక్కాతో తన సీటుకి తిరిగొచ్చాడు. తనకి ఒళ్ళు మండిపోతోందనే అనుకున్నాడు పాపం. ఒళ్ళు మండేవాడు సాయంత్రం దాకా తనలో తాను నవ్వుకుంటాడా ఎక్కడైనా?

అది గొడుగుల ఫ్యాక్టరీ. మనవాడు అక్కడ ప్లానింగ్. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకే గుర్తుండేది, మిగతా అందరికీ ప్లానింగ్ బాబే. గొడుగుల వ్యాపారం సంగతి తెలిసిందే కదా, వానలు మొదలయ్యేసరికి దుకాణంలో గొడుగు వేలాడుతూ ఉండాలి. వానలు వెలిశాక పట్టుకెళితే ఎవడిక్కావాలి? అందుకని కొనేవాళ్ళకి ఎన్ని కావాలో ఎండల్లోనే అడిగి తెలుసుకుని, దానికి గుడ్డ ఎంత, ఊచలెన్ని, పిడులెన్ని, మిషన్లెన్ని, కుట్టే చేతులెన్ని అని లెక్కగట్టి, అన్నిటినీ వేళకి సమకూర్చడం అతని పని. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. సూది విరిగితే ఇంకో సూది, మోటారు కాలితే ఇంకో మోటారు, కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే పక్క ఫ్యాక్టరీవాళ్ళతో ముందే మాట్లాడిపెట్టుకున్న వైరు. "ఏ ఒక్కటి ఆగినా మొత్తం ఆగిపోకూడదు" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించిందీ అతనే.

ఆ గోడకి అవతలే వానగది. వానగదిలో ఉన్నది ఒక్కతే మనిషి.

అందరూ ఆమెని వానమ్మాయి అనేవారు. వాళ్ళ గొడుగుల్లో సగానికి పైగా కొనే దుకాణాల కంపెనీ ఒకటుంది. సరుకు నాణ్యత చూసే ఆ కంపెనీ ఆడిటర్ వచ్చి పరీక్ష పెడితే నెగ్గింది ఆమె ఒక్కతే. ప్రతి లాట్‌లోంచీ కొన్ని గొడుగులు తీసి, వాన కింద విప్పి, కుట్లు తడిమి, ఊచలు కలిసేచోట తలెత్తి చూసి, సరే అని ఆమె సంతకం పెడితేనే లారీ కదిలేది. ఆమెకి జ్వరమొస్తే లారీకీ జ్వరమే. గోడ మీద అంతంత అక్షరాలు రాయించిన మహానుభావుడికి ఈ సంగతి కొన్నాళ్ళు కనపడలేదు. కనపడ్డాక కనపడనట్టు ఊరుకున్నాడు. కథంతా ఆ ఊరుకోవడంలోనే ఉంది.

మొదట్లో అంతా సరదాగానే సాగింది.

"ఇవాళ ఏ లాట్ కోసం వచ్చారండీ?" అని అడిగేది ఆమె, గొడుగు మీంచి చూపు తిప్పకుండానే.

"లాటేం లేదు. ఇటు పోతూ పోతూ..."

"ఇటు పోతే గోడే ఉందిగా."

"గోడ చూసి పోదామని."

"బాగా చూసుకోండి. రేపటికి ఎక్కడికీ పోదు లెండి."

కుట్టుహాలుకి పెద్ద దిక్కు ఒకావిడ ఉంది, చిన్నా పెద్దా అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆవిడ మిషను తొక్కుతూనే ఇద్దర్నీ ఓ కంట కనిపెడుతూ ఉండేది. "ప్లానింగ్ బాబుకి ఈ మధ్య వాన మీద ప్రేమ ఎక్కువైందే" అని హాలంతా వినపడేట్టు అనేది. హాలంతా నవ్వేది. మనవాడి చెవులు ఎర్రబడేవి. గాజు తలుపు వెనక ఆమె కూడా నవ్వుతోందో లేదో చూద్దామంటే అద్దం నిండా తుంపర.

ఇదంతా ఇలాగే నవ్వులతో సాగుతుందనుకునేవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోతే మంచిది. ఇక్కణ్ణించి అంతా ఏడుపే.

వానాకాలం దగ్గరపడుతోంది. ఆర్డరు కిందటేటికి రెట్టింపొచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరుని అందరూ పెద్దసారు అంటారు. ఆయన సీజన్ మీటింగ్‌లో గుడ్డ సంగతి, ఊచల సంగతి అడిగి, చివర్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"హెడ్డాఫీసు ల్యాబ్‌లో గుడ్డలు పరీక్షించే పని ఖాళీ ఉందటయ్యా. వానమ్మాయి తనంతట తానే అడిగింది, వెళ్తానని. వాళ్ళూ రమ్మంటున్నారు. పంపేద్దామా? నువ్వు ఊ అంటే పంపేస్తా."

హెడ్డాఫీసు అంటే వేరే ఊరు. బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. వెళ్తానని తనతో ఒక్క మాటైనా అనలేదేం? గోడ చూడ్డానికి వచ్చేవాడితో ఎందుకంటుంది?

చెప్పాల్సిన జవాబు అతనికి తెలుసు. ఇంకా టైముంది, ఇద్దర్ని ఎంచి ఆమె చేతే నేర్పించి, ఆడిటర్ని పిలిచి పరీక్ష పెట్టిస్తే ఆమె నిశ్చింతగా వెళ్ళొచ్చు. సూదికీ మోటారుకీ ఆలోచించిన బుర్రకి ఇదో లెక్కా? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"ఆ అమ్మాయి వెళ్తే వానగది ఆగిపోతుంది సార్. వానగది ఆగితే లారీ కదలదు. కుదరదు సార్."

"అంతేనంటావా?"

"అంతే సార్."

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని పిడుల రంగు గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఒక మనిషి బతుకు అంత తేలిగ్గా అయిపోయింది, పిడుల రంగుకి ముందు ఓ రెండు మాటల్లో.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అతని సీటు దగ్గరికి వచ్చింది. ఎన్నడూ రాలేదు అంతకుముందు. రెయిన్‌కోటు లేకుండా, పొడి బట్టల్లో ఆమెని అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. మనవాడు లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి, మళ్ళీ తుడిచాడు.

"మీతో ఒక పని పడింది" అంది ఆమె.

"చెప్పండి, ఏ లాట్?"

"లాట్ కాదు, నా గురించి. హెడ్డాఫీసుకి పంపమని అడిగాను. పెద్దసారు మొన్నటిదాకా సరేనన్నారు. ఇవాళ అడిగితే కుదరదంటున్నారు. ఎవరో అడ్డం పడ్డారటండీ, పేరు చెప్పరు. మీరొక్క మాట చెప్పి చూడండి. మీ మాటంటే ఆయనకి వేదం కదా."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది మనవాడికి. మింగలేడు, కక్కలేడు.

"ఎందుకండీ అంత దూరం? ఇక్కడేం తక్కువైంది మీకు?"

"తక్కువవడం కాదు, ఎక్కువైంది. తడి." అని నవ్వి, మోచేతిలోకి తల వంచి దగ్గింది.

"వానమ్మాయికి వానలో జలుబా! విడ్డూరం" అన్నాడు మనవాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

ఆమె కూడా నవ్వేసింది. "అడుగుతారు కదూ?"

"చూస్తానండీ."

చూస్తాను అంటే చెయ్యను అని మన జనానికి పుట్టుకతోనే తెలుసు. ఆ పిచ్చి పిల్ల మాత్రం నమ్మింది. థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది.

తర్వాత రోజుల్లో పని కట్టలు తెంచుకుంది. ఆర్డరు రెట్టింపు, కుట్టు మిషన్లు రెట్టింపు, చేతులు రెట్టింపు. వానగదిలో మనిషిని రెట్టింపు చెయ్యలేడు కాబట్టి ఆమె గంటల్ని సాగదీశాడు. పొద్దున్నే మొదలుపెట్టి పొద్దుగుంకే దాకా. పాపం, ఆమె కోసం వేళకి వేడి టీ పంపేవాడు. ఒకసారి తనే పట్టుకెళ్ళాడు. ఇంకోసారి బిస్కట్లు కూడా. తను ఆమెని ఎంత బాగా చూసుకుంటున్నాడో అనుకుని మురిసిపోయేవాడు. టీ పంపాడు గానీ తడి తగ్గించాలని తోచలేదు ఆ తెలివిగలవాడికి.

"పెద్దసారుని అడిగారా?" అనేది ఆమె గ్లాసు అందుకుంటూ.

"సమయం చూసి అడుగుతానండీ."

"మీకు శ్రమ ఇస్తున్నాను."

ఆ మాట అన్నప్పుడల్లా మనవాడికి గుండెలో కలుక్కుమనేది. ఆ నొప్పిని కూడా ప్రేమే అనుకున్నాడు. మనసులో తప్పు దాచుకున్నప్పుడు మనిషి దేన్నైనా ప్రేమ అనుకుంటాడు.

ఒకరోజు భోజనాలయ్యాక లాట్ రావాల్సింది, రాలేదు. అతను ఉత్సాహంగా లేచాడు. "ఎందుకు ఆపారండీ?" అన్న పాత మాటని ఈసారి ఎలా అనాలో దారిలోనే రిహార్సల్ చేసుకున్నాడు. గాజు తలుపు తోశాడు.

లోపల వాన కురుస్తూనే ఉంది. కింద గొడుగు బోర్లా పడి ఉంది. ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని దగ్గుతోంది. ఆ దగ్గు ఆగితేనా! పిన్ని ఆమె తలని తన పొట్టకి ఆనించుకుని వీపు రాస్తోంది.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా? ముందు నీళ్ళు కట్టెయ్!"

మీట ఎటు తిప్పాలో కూడా అతనికి తోచలేదు. ఎలాగో కట్టేశాడు. ఆమె అతన్ని చూసి, నవ్వబోయి, మళ్ళీ దగ్గింది. ఆటో పిలిచి ఆమెని పంపించాక, పిన్ని తడిసిన చీర చెంగు పిండుకుంటూ గుమ్మంలో చతికిలబడింది.

"ఎన్నాళ్ళనించో చెబుతున్నాడా డాక్టరు. ఊపిరితిత్తులు పాడవుతాయి, ఆ తడిలోంచి బయటపడమ్మా అని. అందుకే కదా ల్యాబ్‌కి పోతానని అడుక్కుంది. అక్కడ అన్నీ పొడి గదులేనట. ఎవడో పుణ్యాత్ముడు మీటింగ్‌లో కుదరదన్నాడట. వాడి నోట్లో మన్ను పడ!"

"మరి నాతో... ఎవరితోనూ చెప్పలేదేం పిన్నీ?"

"ఏమని చెబుతుంది? రోగిష్టిదని తెలిస్తే ఆ ల్యాబ్‌వాళ్ళు మాత్రం రానిస్తారా?"

మనవాడు తన సీటుకి వెళ్ళి కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద అతని అక్షరాలే. ఏ ఒక్కటి ఆగినా మొత్తం ఆగిపోకూడదు. వాటిని చూడలేక కళ్ళు మూసుకుంటే, చెవుల్లో ఆ దగ్గు.

అతను ఉండేది అక్క ఇంట్లో. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. బావ ఏదో జోకేశాడు, నవ్వలేదు. అక్క బావని కళ్ళతోనే గదిలోకి పంపేసి, తమ్ముడి ఎదురుగా పీట వేసుకుంది.

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"అమ్మాయా, ఎవరూ లేరు."

"ఇంట్లోంచి టీ గ్లాసులు రెండు పట్టుకెళ్ళి ఒకటే తెచ్చావు. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

అంతే, మనవాడికి ఏడుపు ఆగలేదు. అంత మనిషీ అక్క ముందు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పాడు. "ఆ పుణ్యాత్ముణ్ణి నేనే అక్కా. వెళ్ళిపోతుందని భయమేసింది. అంతే. ఇంకేం ఆలోచించలేదు."

అక్క కంచం పక్కకి జరిపింది.

"సూది విరుగుతుందని దిగులు పడతావు. మోటారు కాలుతుందని దిగులు పడతావు. మనిషి విరుగుతుందని తోచలేదురా నీకు?"

"తోచలేదు."

"వెళ్ళిపోతుందని భయమేస్తే వెళ్ళొద్దని అడగాలి. ఉండమని అడగాలి. చాటుగా తలుపు గడియ పెట్టడం ఏం ప్రేమరా? గొడుగులు కొనేవాణ్ణి కూడా నీకేం కావాలని ముందు అడుగుతావు కదా. ఆ పిల్లని ఎన్నడన్నా అడిగావా, నీకేం కావాలమ్మా అని?"

అడగలేదు. ఎన్ని గొడుగులు కావాలో ఎండల్లోనే అడిగి తెలుసుకునే మనిషి, ఆ ఒక్కరినీ ఏదీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదిలో నిలబడ్డాడు.

"ఆరోజు నేను చెప్పింది తప్పు సార్. ఆమెని పంపించొచ్చు. ఇద్దరికి నేర్పించాలి, అంతే. పూటకొకరు. ఎవరూ పూర్తి రోజు తడిలో నిలబడకూడదు."

"ఇప్పుడా! నెత్తి మీద సీజన్ పెట్టుకుని? ఎవరయ్యా ఆ ఇద్దరు?"

"కుట్టుహాల్లోనే పనిచేసే పిన్ని కోడలు ఒకరు. రెండో మనిషిని నేను."

పెద్దసారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ప్లాన్ వేసేవాడే పాస్ చేస్తానంటే కస్టమర్ ఒప్పుకుంటాడా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టు! లారీ కదలాలని నీకు తొందర, గొడుగు కారకూడదని వాడికి తొందర."

"ప్లానింగ్ వదిలేస్తాను సార్."

"పిచ్చా? ఆ కుర్చీ కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా? మళ్ళీ కావాలంటే దొరకదు."

"తెలుసు సార్."

పెద్దసారు అతని ముఖంలోకి చూశాడు. ఏం అర్థమైందో ఏమో, తలూపాడు.

ఆమె తిరిగి పనిలోకి వచ్చేసరికి వానగదిలో రెయిన్‌కోటు వేసుకుని మనవాడు ఉన్నాడు. ఆమె గాజు తలుపుకి ఇవతల స్టూలు మీద కూర్చుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని, అక్కణ్ణించే పాఠం చెప్పేది. లోపలికి అడుగు పెడితే పిన్ని ఊరుకునేది కాదు.

"ఇది?"

"పాస్" అనేవాడు మనవాడు.

"ఇంకోసారి చూడండి."

"పాసే."

"మీకు పాస్ అనాలని ఉంది. అందుకే కనపడట్లేదు. కారుతుంది అనుకుని చూడండి."

తలెత్తి చూసేవాడు. ఊచ పక్కన కుట్టు దగ్గర సన్నగా ఒక మెరుపు. చుక్క పుట్టి, పెరిగి, అతని కంట్లో పడేది. ఆమె నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే అతనికి ప్రాణం పోయేది.

"నా కోసం కుర్చీ వదిలేశారటగా" అంది ఒకరోజు. "పిన్ని చెప్పింది. మీ ఋణం ఎలా తీర్చుకోవాలండీ?"

అతను గొడుగు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఎంత ఆప్యాయంగా మాట్లాడితే అంతగా కుమిలిపోతున్నాడు. చెబితే ఆ చూపు పోతుంది. చెప్పకపోతే ఆ చూపు తనది కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆడిటర్ వచ్చాడు. మంచి గొడుగుల్లో సూదిమొనంత చిల్లులున్నవి కలిపి తెచ్చాడు. మనవాడు ప్రతిదాన్నీ కారుతుందనుకునే చూశాడు. పిన్ని కోడలూ నెగ్గింది, మనవాడూ నెగ్గాడు. హాలంతా చప్పట్లు. ఆమె స్టూలు మీంచి లేచి, మఫ్లరు జారిపోతున్నా చూసుకోకుండా వచ్చింది.

"మీరు లేకపోతే నేను ఈ గదిలోనే అయిపోయేదాన్నండీ. నిజం."

"నేను లేకపోతే మీరు ఎప్పుడో వెళ్ళిపోయేవారు" అన్నాడు మనవాడు.

"అంటే?"

"మీటింగ్‌లో కుదరదన్నది నేనే."

ఆమె ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియనట్టు.

"నువ్వా?"

"నేనే."

"సమయం చూసి అడుగుతానన్నావు. రోజూ టీ తెచ్చావు."

"నువ్వు వెళ్ళిపోతావని భయపడ్డాను. నువ్వంటే నాకు... నువ్వంటే ఇష్టం. డాక్టరు సంగతి తెలీదు. తెలిస్తే..."

"తెలిస్తే వదిలేవాడివా? అంటే నేను దగ్గుతూ పడిపోతే తప్ప వెళ్ళడానికి లేదన్నమాట. ఊరికే వెళ్ళాలనిపిస్తే? నాకు ఆ పని నచ్చితే?" "నీ మిషన్లలో నేనూ ఒక మిషన్ని. కదలకుండా బిగించావు. దానికి ఇష్టమని పేరు పెట్టావు."

ఆమె మఫ్లరు తీసి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అతను ఆ మఫ్లరు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. మిగిలిన పాఠాలేవో పిన్ని కోడలికి చెప్పి, పొద్దున వచ్చి సాయంత్రం తలవంచుకుని పోయేది. మనవాడు తన పూటకి వానలో నిలబడి గొడుగులు చూసేవాడు. ఆ తడి ఎలా ఎముకల్లోకి దిగుతుందో, వేళ్ళ చివర్లు ఎలా తెల్లగా ముడతలు పడతాయో, ఎంత తుడుచుకున్నా మెడ దగ్గర చెమ్మ ఎలా మిగిలిపోతుందో అతనికి అప్పుడు తెలిసింది. పూటకే ఇంత ఉంటే ఆమె రోజంతా ఎలా నిలబడిందో! అదీ తను సాగదీసిన గంటలు. ఏడవడానికి ఆ గదికి మించిన చోటు లేదు. ఎవరికీ తెలియదు.

ఆమె హెడ్డాఫీసుకి బయల్దేరే రోజున అసలు వాన వచ్చింది. సీజన్లో మొదటి వాన. కుట్టుహాల్లో అందరూ కిటికీల దగ్గర చేరి అరిచారు. మనవాడు మాత్రం కదల్లేదు.

పిన్ని వచ్చి అతని రెయిన్‌కోటు బొత్తాలు తనే విప్పింది. "బస్టాపులో ఒక్కతే నించుందిరా. గొడుగు కూడా లేదు."

"నా ముఖం చూడదు పిన్నీ."

"చూడకపోతే చూడకపోనీ. నీ ముఖం కోసమా నువ్వు వెళ్ళేది? గొడుగు ఇచ్చి రా."

అతను పరుగెత్తాడు. చేతిలో ఒక గొడుగు, విప్పాలని కూడా తోచలేదు. బస్టాపు రేకు ఒక మూల ఊడిపోయి ఉంది. దాని కింద పెట్టె పెట్టుకుని, చున్నీ తల మీదికి లాక్కుని ఆమె నిలబడి ఉంది. అతన్ని చూసి ముఖం తిప్పుకుంది.

అతను గొడుగు చాచాడు. ఆమె అందుకోలేదు. రేకు చివర్నించి కారే నీళ్ళు ఆమె భుజం మీద పడుతున్నాయి. దగ్గొచ్చింది. అప్పుడు లాక్కుంది.

విప్పింది. అలవాటు ఎక్కడికి పోతుంది? వానలోకి చాచి, తలెత్తి ఊచలు కలిసేచోట చూసింది. కుట్ల వెంబడి వేలు నడిపింది. ఒక్కో మడతా, ఒక్కో ఊచా. మనవాడు ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు, నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా.

"ఎవరు చూశారు దీన్ని?"

"నేనే. కారుతుందనుకుని చూశాను."

"కారట్లేదు" అంది.

దూరంగా బస్సు లైట్లు కనిపించాయి. ఇక టైము లేదు. క్షమించమని అడగాలనుకున్నాడు, ఇష్టమని మళ్ళీ చెప్పాలనుకున్నాడు, వెళ్ళొద్దని కాళ్ళ మీద పడాలనుకున్నాడు. అవన్నీ తనకి కావాల్సినవే.

"నీకేం కావాలి?" అన్నాడు.

ఆమె అతని వంక చూసింది. ఎన్నో రోజుల తర్వాత సూటిగా.

"ఇప్పుడు అడుగుతున్నావా?"

"ఇప్పుడైనా అడగాలి కదా."

"దగ్గు తగ్గాలి" అంది. "ఒక ఏడాది పాటు పొడి బట్టలు కట్టుకుని పని చెయ్యాలి. కిటికీలోంచి ఎండ పడాలి నా బల్ల మీద. నన్నడక్కుండా నా గురించి ఎవరూ ఏదీ అనుకోకూడదు." ఆగింది. "నీ మీద కోపం పోవాలి. అది ఎప్పుడు పోతుందో నాకు తెలీదు. పోకపోవచ్చు కూడా."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. నేనేం అనుకోను. ఏ లెక్కా కట్టను."

బస్సొచ్చి ఆగింది. పెట్టె అందించాడు. ఆమె మెట్టెక్కి, గొడుగు మూసి, లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. అయిపోయిందనుకున్నాడు మనవాడు. ఇంతే, తనకి దక్కాల్సింది ఇంతే, ఇది కూడా ఎక్కువే. ఆ రేకు కిందికి జరగాలని కూడా అనిపించక వానలోనే నిలబడ్డాడు.

బస్సు కదిలింది. వెనక కిటికీ అద్దం చప్పుడు చేస్తూ పక్కకి జరిగింది. ముఖం మాత్రమే కనపడింది, తడి చున్నీ కింద. ఏడ్చినట్టుంది. నవ్వలేదు.

"రేపు కూడా అడుగు" అంది.

బస్సు మలుపు తిరిగిపోయింది. గొడుగు ఆమె దగ్గరే ఉండిపోయింది. మనవాడు తన పూట ఇంకా మిగిలి ఉందని గుర్తొచ్చి, తడుస్తూనే ఫ్యాక్టరీకి నడిచాడు.